బ్యారన్ గోడ మీద సీతారావమ్మ

తిరిగొచ్చి వారం అయింది. నా కుడి బొటనవేలి గోటి అంచున ఇంకా ఒక నల్లటి గీత ఉంది. అది పూర్తిగా పోయేలోపు రాసేయాలని కూర్చున్నాను.

నేను ఊళ్ళు తిరిగినదాన్ని కాదు. మంగళగిరిలో పుట్టి, అక్కడే చదివి, ఇంటికి నడిచేంత దూరంలో ఉన్న ఆఫీసులో కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు "ఎక్కడిదాకా?" అని అడిగితే జవాబిచ్చేలోపు రెండు గుటకలు మింగుతాను. నాకు తెలిసిన ఊళ్ళు చాలావరకు పుస్తకాల్లో చూసినవే. అలాంటిదాన్ని మూడు రోజులు ఒంటరిగా ప్రయాణం పెట్టుకోవడానికి కారణం ఒక ఫోటో.

అమ్మ పనిచేసే స్కూల్లో ఒక టీచరుగారి ఫోన్‌కి ఎవరో పంపారు. అద్దంకి దాటాక చినరావిపాలెం అనే ఊళ్ళో, వాడకం మానేసిన ఒక పొగాకు బ్యారన్ గోడ మీద పదకొండు మంది ఆడవాళ్ళ బొమ్మ. బ్యారన్ అంటే పచ్చి పొగాకును కర్రలకు కట్టి, లోపల అంతస్తులుగా వేలాడదీసి, వేడి పెట్టి ఎండబెట్టే ఎత్తైన గది. ఒకప్పుడు అక్కడ ఆకు కట్టిన కూలీలనే ఆ గోడ మీద వేశారట. ఒక్కొక్కరి కింద పేరు రాసి ఉంది. చివరి పేరు సీతారావమ్మ.

సీతారావమ్మ మా అమ్మమ్మ. అమ్మకి పదేళ్ళప్పుడు పోయింది. తాతయ్య అంతకు చాలా ముందే పోయాడు. అమ్మని మేనమామ మంగళగిరి తెచ్చుకుని పెంచి టీచరుని చేశాడు. ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాల్సిన పని పడలేదు. అమ్మమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు.

అమ్మ ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. పెద్దది చేసేకొద్దీ మొహం చుక్కలుగా విడిపోయింది. "నువ్వెళ్ళి చూసిరావే," అంది. "మొహం ఎలా ఉందో చూసొచ్చి చెప్పు. నాకు మా అమ్మ మొహం గుర్తు లేదు."

ఆ మాట అమ్మ అంతకుముందు ఎప్పుడూ అనలేదు. నువ్వే వెళ్ళొచ్చు కదా అంటే, అక్కడ ఏడిస్తే ఓదార్చడానికి ఎరిగినవాళ్ళు ఎవరున్నారంది.

బయల్దేరే రోజు పొద్దున గుమ్మంలో నిలబడి, చెయ్యి వెనక్కి తిప్పి నా చెంపకి ఆనించింది, జ్వరం చూసినట్టు. అమ్మ ముద్దు చేసే తీరు చిన్నప్పటి నుంచీ అదే. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు.

పెదకాకాని

మొదటి మజిలీ ఇంటికి అరగంట దూరం కూడా లేదు. కాకాని శివుడికి చెప్పుకున్నాకే ముందుకు పొమ్మని అమ్మ ఆజ్ఞ. బస్సులో కండక్టరు నా ఆధార్ చూసి సున్నా రూపాయల టికెట్టు చింపి ఇచ్చాడు. ఆడవాళ్ళకి ఉచితం వచ్చాక నేనెక్కిన మొదటి బస్సు అది. ఆ సున్నా టికెట్టుని డైరీలో అంటించుకున్నాను.

గుడి ముందు కొత్త ఆటోలు, ట్రాక్టర్లు, కాంక్రీటు కలిపే ఒక పెద్ద లారీ పూజకి వరుసలో ఉన్నాయి. లారీకి బొట్టు పెట్టడానికి పూజారిగారు స్టూలు ఎక్కాల్సి వచ్చింది. దర్శనం చేసుకుని బయటికొచ్చాక, పక్క వీధిలో ఒక పొడవాటి గోడ నిండా తెల్ల ఎద్దు బొమ్మ కనిపించింది. మూపురం, గంగడోలు, కొమ్ములకి ఇత్తడి తొడుగులు. ఒక కంటి కింద చిన్న మచ్చ కూడా వేశాడు. బొమ్మ కోసం ఊహించిన ఎద్దుకి ఎవరూ అలాంటి మచ్చ పెట్టరు. ఇది ఎవరిదో నిజం ఎద్దు అనిపించింది. ఎవరినైనా అడగాలని ఉంది. అడగలేక అలాగే నిలబడ్డాను.

ఎదురుగా బడ్డీకొట్టులో ఉన్న ఆవిడే పిలిచింది. "బస్సు తప్పిపోయిందా అమ్మాయ్? పావుగంట నుంచి గోడకేసి చూస్తున్నావు."

నిమ్మసోడా తాగుతూ (ఇరవై రూపాయలు, ఉప్పు ఎక్కువ) ఆ గోడ కథ విన్నాను. దారిన పోయే మగవాళ్ళంతా ఆ గోడ దగ్గరే ఆగేవాళ్ళట. వాసనకి కొట్టు నడవలేదు. దేవుడి బొమ్మలు అంటిస్తే రెండు రోజులు మానేసి, మూడో రోజు పక్కకి జరిగి నిలబడ్డారట. చివరికి ఊళ్ళో పిల్లలు చందాలేసుకుని, ఒకప్పుడు పందేల్లో గెలిచి ఊరికి పేరు తెచ్చిన ఎద్దుని వేయించారు.

"ఇప్పుడెవరూ రారా?" అని అడిగాను. నేనే అడిగాను.

"దేవుడైతే క్షమిస్తాడు. ఆ ఎద్దు గలాయన కొడుకు ఆ ఎదురింట్లోనే ఉంటాడు," అంది ఆవిడ.

ప్రత్తిపాడు

ఆ రాత్రికి ప్రత్తిపాడులో రమ ఆంటీ వాళ్ళింట్లో ఉన్నాను. అమ్మతో టీచరు ట్రైనింగు చదివినావిడ. బస్సు దిగుతూనే తుమ్ములు మొదలయ్యాయి. అది ఫిబ్రవరి చివర. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రరంగు ఎంత ఉందంటే, కాసేపు చూసి తల తిప్పితే ఆకాశం ఆకుపచ్చగా కనిపించింది. నేను పదకొండుసార్లు తుమ్మాక, కల్లంలో కూర్చుని రంగు తప్పిన తాలుకాయలు ఏరుతున్న ఒకావిడ తలెత్తి మాది ఏ ఊరని అడిగింది. అక్కడ పొరుగూరి మనిషిని యాసని బట్టి పోల్చుకోనక్కర్లేదు. తుమ్ము చాలు.

రాత్రి భోజనంలో పండుమిరప పచ్చడి పెట్టారు. మా ఇంట్లో పచ్చడిని అన్నంలో కలుపుకుంటాం. ఇక్కడ పచ్చడిలో అన్నం కలుపుకుంటారు. నా కళ్ళు చూసి ఆంటీ అడగకుండానే గిన్నెడు పెరుగు తెచ్చి పక్కన పెట్టారు. ఆ పెరుగుకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మర్నాడు పొద్దున తను పనిచేసే స్కూలు గోడ చూపించారు. ఏటా కాయకోతకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు లారీల్లో వచ్చి, చేల పక్క టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. మూడు నెలలు ఉండి వెళ్ళిపోతారు. వాళ్ళ పిల్లల్ని ఈ స్కూల్లో కూర్చోబెట్టుకుంటున్నారు. ఊరి చరిత్ర గోడ మీద వేయించాలనుకున్నప్పుడు, ముప్పై ఏళ్ళుగా ఊరి పంట కోస్తున్నవాళ్ళు ఊరి చరిత్ర కాదా అని హెడ్మాస్టరుగారు అన్నారట. అందుకని గోడ మీద మిరపచేను, చేలో కోసేవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర నేలలో విత్తనాల్లా వాళ్ళొచ్చిన ఊళ్ళ పేర్లు.

వేసింది పట్నం కుర్రాళ్ళు. మొదటిసారి మిరపకాయలన్నీ మొన పైకి పెట్టి వేశారట. కోతకొచ్చిన ఆడవాళ్ళు నడుములు పట్టుకుని నవ్వారు. కాయలు వాన కోసం మొక్కుతున్నాయా అని అడిగారు. పాపం ఆ కుర్రాళ్ళు రెండు రోజులు కూర్చుని ప్రతి కాయనీ కిందికి తిప్పారు. దగ్గరికెళ్ళి చూస్తే పాత కాయల నీడ ఇంకా కనిపిస్తుంది.

మేం అక్కడున్నప్పుడే ఒక తల్లి, ఏడేళ్ళ పాప వచ్చారు. చదువురాని తల్లికి పాప అక్షరం అక్షరం వేలు పెట్టి తమ ఊరి పేరు చదివి వినిపించింది. తల్లి కొంగుతో ఆ పేరు మీద దుమ్ము తుడిచి, పిల్లని లోపలికి పంపి చేనుకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆవిడ నాతో ఉన్నట్టే ఉంది.

చినరావిపాలెం

చిలకలూరిపేటలో బస్సు మారాను. పత్తి లారీల నుంచి ఎగిరిన దూది రోడ్డు పక్క తుమ్మముళ్ళకి పట్టుకుని, చెట్లు వేళ కాని వేళ పూసినట్టున్నాయి. అద్దంకి దగ్గరయ్యేకొద్దీ ఎరుపు తగ్గి, నడుమెత్తు పొగాకు పచ్చదనం మొదలైంది. అద్దంకిలో ఆటో. ఆటోలో నాతో పాటు ఇద్దరు ముసలమ్మలు, ఒక గ్యాసు బండ.

ఊరి మొదట్లోనే ఉంది బ్యారన్. కిటికీలు లేని ఎత్తైన గోడ. పదకొండు మంది ఆడవాళ్ళు నిలువెత్తున వరుసగా కూర్చుని ఆకు కడుతున్నారు. ఫోటోలో చూసినప్పుడు ఇంత పెద్దదని తెలియలేదు. చివరావిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మొహం చూశాను. నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. పెద్ద కళ్ళు, నిండు చెంపలు, అందరి మొహాల్లాంటి మొహం. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు.

ఆటోలో నాతో వచ్చిన ముసలమ్మల్లో ఒకావిడ వెనకే వచ్చి నిలబడింది. పేరు కోటమ్మ. ఎవరి తాలూకు అని అడిగింది. చెప్పాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహం ఎండకేసి తిప్పి చూసింది.

"ధనం కూతురివా నువ్వు? సీతారావమ్మ పక్కన పదేళ్ళు కూర్చుని ఆకందించాను నేను."

మా అమ్మ ధనలక్ష్మిని ధనం అని పిలిచే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

బొమ్మలో మొహం అలాగే ఉండేదా అని అడిగాను. కోటమ్మగారు బొమ్మని చాలాసేపు చూసి, "ముక్కు వచ్చిందమ్మా. మొహం రాలా," అంది. బొమ్మలేసిన బాబ్జీగారు అద్దంకిలో బోర్డులు రాసే ఆయన. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి కూర్చుంటే, బ్యారన్ యజమాని కొడుకు పిలిపించి ఈ గోడ అప్పజెప్పాడు. ఆ ఆడవాళ్ళెవరికీ ఫోటోలు లేవు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళని అడిగి అడిగి, ఒకరి ముక్కు, ఇంకొకరు కొంగు చుట్టుకునే తీరు, మరొకరు కూర్చునే పద్ధతి పట్టుకుని వేశాడట.

ఆయన ఒక పద్ధతి కూడా పెట్టాడు. బొమ్మ అంతా తను వేసి, నుదురు ఖాళీగా వదిలేస్తాడు. ఆ మనిషి తాలూకు వాళ్ళు వచ్చి, ఎర్రరంగులో ఉంగరం వేలు ముంచి, స్వయంగా బొట్టు పెట్టాలి. అప్పటితో బొమ్మ పూర్తయినట్టు. పదిమందికి పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి పెట్టి, ఆ వంకన ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా కలిసి అన్నం తిన్నారట. రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న నుదురు ఒక్క సీతారావమ్మదే.

కోటమ్మగారు బాబ్జీగారికి ఫోన్ చేయించింది. ఆయన వచ్చేలోపు ఊరికే కూర్చోడమెందుకని, ఇంకా నడుస్తున్న పక్క బ్యారన్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు పచ్చి ఆకుని మూడేసి చొప్పున కర్రకి అటొకటి ఇటొకటి కడుతున్నారు. చూడ్డానికి జడ అల్లినంత తేలిక. నేనూ పట్టుకున్నాను. పది కట్టలు కట్టేసరికి అరచేతులు జిగురు జిగురుగా, తారు పూసినట్టు నల్లగా అయ్యాయి. వేలికి వేలు అంటుకుంటోంది. కళ్ళద్దాలు సర్దుకోబోతే అద్దానికి నల్ల ముద్ర పడింది. అందరూ నవ్వారు. సబ్బుకి పోలేదు. నిమ్మచెక్క, మట్టి కలిపి రుద్దితే సగం పోయింది. మిగతాది చర్మంతో పాటే పోతుందన్నారు.

బాబ్జీగారు మోపెడ్ మీద వచ్చారు. సన్నగా, మాటల మధ్య దగ్గుతూ ఉంటారు. చేతి సంచిలోంచి ఎర్రరంగు డబ్బా తీసి మూత విప్పారు. అప్పటికి ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేరారు. నా వేలు డబ్బా దాకా వెళ్ళింది. అప్పుడు వెనక నుంచి రాములమ్మగారని ఇంకో పెద్దావిడ అంది.

"పెట్టబాకు. ఆయమ్మ బొట్టెరుగుద్దా? పాతికేళ్ళు రాకముందే తుడిచేశారు."

"అప్పుడు తుడిచారని ఇప్పుడూ తుడవాలా?" అంది కోటమ్మగారు. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. ఆవిడ నుదుటి మీద మాత్రం చిన్న మెరూన్ స్టిక్కరు ఉంది. "మా మనవరాళ్ళు నాకు పెట్టలా? పాపం, ఇప్పుడన్నా పెట్టుకోనీండి."

"ఇది జరిగింది చెప్పే గోడా, జరక్కపోయింది చెప్పే గోడా?"

వాదన పెరిగింది. ఒకరు పెట్టాలన్నారు, ఇంకొకరు పెడితే పాపమన్నారు. బాబ్జీగారు, తనకి పెట్టినా పెట్టకపోయినా ఒకటేనని, ఏదైనా ఇంటివాళ్ళ ఇష్టమని డబ్బా పట్టుకుని నిలబడ్డారు. అందరూ నావైపు చూశారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నా జీవితంలో అదే మొదలు. పెడితే అమ్మమ్మ బతికిన బతుకుని నేను మార్చేసినట్టు. పెట్టకపోతే ఆవిడకి జరిగిన అన్యాయానికి నేనూ ఒక చెయ్యి వేసినట్టు. అమ్మని అడుగుతానని ఎలాగో అని, బ్యారన్ అరుగు ఎక్కి ఫోన్ చేశాను.

అమ్మ అంతా వింది. బొట్టు సంగతి వదిలేసి, "చేతులు ఎలా వేశాడే?" అని అడిగింది.

చూశాను. శుభ్రమైన తెల్లటి చేతులు. సబ్బుతో కడిగినట్టున్నాయి. అదే చెప్పాను.

"మా అమ్మ చేతులు అలా ఉండవు," అంది. "నల్లగా ఉండేవి. అంటుకుంటాయని సీజను అయ్యేదాకా నన్ను అరచేత్తో తాకేది కాదు. చెయ్యి వెనక్కి తిప్పి చెంప నిమిరేది." తర్వాత, "నుదురు అలాగే ఉండనీ. చేతులకి నలుపు పెట్టిరా," అంది.

నేను కిందికి దిగి, నా రెండు అరచేతులు బాబ్జీగారి ముందు చాపి, అమ్మమ్మ చేతులకి ఈ రంగు కావాలని అడిగాను. మధ్యలో ఆపకుండా మాట పూర్తి చేశాను.

ఆయన నా చేతుల్ని చూశారు. తర్వాత గోడ మీది ఇరవై రెండు చేతుల్ని చూశారు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగారు. "రెండేళ్ళయిందే ఈ బొమ్మ వేసి. ఒక్కరూ చెప్పలేదేమమ్మా?"

"ఎట్టా చెప్పేది?" అంది కోటమ్మగారు. "అంత ఎండలో నిచ్చెన మీద నిలబడి వేస్తివి. చెబితే నొచ్చుకుంటావని."

ప్రత్తిపాడులో నవ్విన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వీళ్ళు నవ్వలేదు. రెండేళ్ళు ఆ తెల్లటి చేతుల్ని చూస్తూ ఊరుకున్నారు, ఒక మనిషి కష్టపెట్టుకోకూడదని.

బాబ్జీగారు నలుపులో కొంచెం ఆకుపచ్చ, కొంచెం ఇటుకరంగు కలిపారు. నా చేతి పక్కన పెట్టి చూసుకుని, ఇంకొంచెం కలిపారు. నేను బొటనవేలు ముంచి అమ్మమ్మ అరచేతుల మీద అద్దాను. గోడ ఎండకి వేడిగా ఉంది. అది ఇటుక వేడి అని తెలుసు. అయినా ఆ చేతుల మీద అవసరమైనదానికంటే ఎక్కువసేపే నా వేలు ఉంచాను.

నేను పక్కకి జరిగాక కోటమ్మగారు వచ్చి, అడక్కుండానే డబ్బాలో వేలు ముంచి, వరుసలో నాలుగో బొమ్మ చేతులకి పూసింది. అది వాళ్ళక్క. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఒకావిడ తన తల్లికి గోళ్ళ చివర్ల దాకా పూసింది, అక్కడే ఎక్కువ ఉండేదని. రాములమ్మగారు మాత్రం కదల్లేదు.

"మా అమ్మవి అట్టాగే ఉండనీండి," అంది. "బతికున్నన్నాళ్ళు ఎటూ తెలుపెరగవు. గోడ మీదన్నా ఎరగనీండి."

ఎవరూ ఆవిడని బలవంతం చేయలేదు. ఆ గోడ ఇప్పుడు అలాగే ఉంది. కొన్ని చేతులు నల్లగా, కొన్ని తెల్లగా. పది బొట్లు, ఒక ఖాళీ నుదురు.

ఆ రాత్రి కోటమ్మగారింట్లో పడుకున్నాను. గోంగూర, ఎండుమిరపకాయల తాలింపు, మజ్జిగ. చేతి జిగురుకి ముద్ద అంటుకోకుండా ఉండాలని ఆవిడే కలిపి పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. కానీ డైరీలో ఉన్నాయి.

మంగళగిరి

మూడో రోజు సాయంత్రానికి ఇల్లు చేరాను. అమ్మ తలుపు తీసింది. మొహం గురించి ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ముక్కు ఒక్కటే నిజమట, మిగతాది రాలేదట అని చెప్పాలని. కోటమ్మ అనే ఆవిడ నిన్ను ధనం అంటుందని చెప్పాలని.

అమ్మ చెయ్యి అలవాటుగా వెనక్కి తిరిగి నా చెంప దాకా వచ్చి, మధ్యలో ఆగింది. నా చేతులు చూసింది. కుడిచెయ్యి అందుకుని, అరచెయ్యి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నిమ్మ, మట్టి, వాటి కింద పచ్చి పొగాకు.

"అంటుకుంటుందేమో అమ్మా," అన్నాను.

"అంటుకోనీ," అంది, నా అరచేతిని తన చెంపకి ఆనించుకుంటూ.